టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి: క్రెడిట్లు వృథా పోకుండా మారడం ఎలా

మా పెద్దవాడు కమ్యూనిటీ కాలేజీ (డిగ్రీలో మొదటి రెండేళ్ళ చదువు చెప్పే స్థానిక కాలేజీ) నుంచి యూనివర్సిటీకి మారినప్పుడు మా ఇంట్లో అందరం సంబరపడ్డాం. చదివిన 58 క్రెడిట్ గంటలూ (ఒక్కో కోర్సు డిగ్రీలో ఎంతకు లెక్కో చెప్పే కొలత) తీసుకున్నామని ఉత్తరం వచ్చింది. ఆగస్టులో అడ్వైజర్ ముందు కూర్చున్నాకే అసలు సంగతి తెలిసింది. ఇంజనీరింగ్ డిగ్రీకి అందులో పనికొచ్చేవి 41 గంటలే. మిగతా 17 గంటలూ ఎలక్టివ్స్, అంటే డిగ్రీకి తప్పనిసరి కాని కోర్సులు, అనే మూలలో పడి ఉన్నాయి. వాటికి ఫీజు కట్టాం, వాడు రాత్రిళ్ళు మేలుకుని చదివాడు, మంచి గ్రేడ్లే తెచ్చుకున్నాడు. అయినా లెక్కలూ ఫిజిక్సూ మళ్ళీ మొదటి నుంచి చదవాల్సి వచ్చి, డిగ్రీ ఒక ఏడాది వెనక్కి జరిగింది.

తర్వాత మా చిన్నమ్మాయి అదే దారిలో వెళ్ళి ఒక్క గంట కూడా పోగొట్టుకోలేదు. తెలివితేటల్లో ఇద్దరికీ తేడా లేదు, తేడా ముందు చూసుకోవడంలోనే ఉంది. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, హ్యూస్టన్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలు ఇప్పుడు ఈ దారి పట్టారు కాబట్టి, మేము నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను.

మొదట ఒక మాట మనసులో పెట్టుకోండి. యూనివర్సిటీ క్రెడిట్‌ని తీసుకోవడం వేరు, అది మీ డిగ్రీలో లెక్కకు రావడం వేరు. "అన్నీ ట్రాన్స్‌ఫర్ అవుతాయి" అని ఎవరైనా చెబితే వాళ్ళు మొదటి దాని గురించి చెబుతున్నారు. మనకు కావాల్సింది రెండోది.

1. చివరి నుంచి మొదలుపెట్టండి

కమ్యూనిటీ కాలేజీలో మొదటి కోర్సుకు రిజిస్టర్ కాకముందే ఏ యూనివర్సిటీ, ఏ మేజర్ అన్నది తేల్చుకోవాలి. ఒకటే తేలకపోతే రెండు మూడు పెట్టుకోండి, ఫరవాలేదు. ఒక్కో దానికి డిగ్రీ ప్లాన్ ఆ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. చాలా యూనివర్సిటీలు కమ్యూనిటీ కాలేజీ పిల్లల కోసమే ట్రాన్స్‌ఫర్ గైడ్ అని విడిగా ఇస్తాయి. అందులో మీ కాలేజీ కోర్సు ఒక పక్క, వాళ్ళ దగ్గర దానికి సమానమైన కోర్సు మరో పక్క ఉంటాయి.

దాన్ని ప్రింట్ తీసి, పైన క్యాటలాగ్ ఇయర్ రాసుకోండి. డిగ్రీ నియమాలు ఏటా కొంత మారుతుంటాయి. మీకు ఏ ఏడాది నియమాలు వర్తిస్తాయన్నది క్యాటలాగ్ ఇయర్‌ని బట్టి ఉంటుంది. నియమం ఎందుకు మారిందని రెండేళ్ళ తర్వాత అడగాలంటే ఈ కాగితమే మీ చేతిలో ఆధారం.

ఇంకొకటి, యూనివర్సిటీలో సీటు రావడమూ కోరుకున్న మేజర్‌లో సీటు రావడమూ ఒకటి కాదు. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, బిజినెస్ లాంటి వాటికి విడిగా వడపోత ఉంటుంది. ముందు ఏదో ఒక మేజర్‌లో చేరి లోపలికెళ్ళాక మారదామనుకుంటే చాలాచోట్ల కుదరదు. ఆ మేజర్ అడిగే కోర్సులేమిటో, జీపీఏ ఎంతో ముందే చూసుకోండి.

2. కోర్సు నంబర్ చదవడం నేర్చుకోండి

ఎక్కువ క్రెడిట్లు పోయేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

టెక్సాస్‌లోని కమ్యూనిటీ కాలేజీలన్నీ ఒకే నంబర్ల పద్ధతి వాడతాయి. దాని పేరు టెక్సాస్ కామన్ కోర్స్ నంబరింగ్ సిస్టమ్. డాలస్‌లో చదివినా ఆస్టిన్‌లో చదివినా ఇంగ్లిష్ 1301 అంటే ఒకటే. నంబర్‌లో మొదటి అంకె స్థాయిని చెబుతుంది: 1 అయితే మొదటి ఏడాది, 2 అయితే రెండో ఏడాది. రెండో అంకె క్రెడిట్ గంటలు. అంటే మ్యాథ్ 2413 రెండో ఏడాది స్థాయి కోర్సు, నాలుగు గంటలు. కాలిక్యులస్ 1 అదే. యూనివర్సిటీలు కొన్ని తమ సొంత నంబర్లు పెట్టుకుంటాయి గానీ, ఈ నంబర్‌కు తమ దగ్గర ఏది సమానమో క్యాటలాగ్‌లో చూపిస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. పేరు ఒకేలా ఉండి, లోపల సరుకు వేరుగా ఉండే జంటలు ఉన్నాయి.

ఫిజిక్స్ 1401 కూడా నాలుగు గంటలే, ఫిజిక్స్ 2425 కూడా నాలుగు గంటలే. రెంటికీ ల్యాబ్ ఉంటుంది. మొదటిది ఆల్జీబ్రాతో నడిచే కాలేజ్ ఫిజిక్స్, రెండోది కాలిక్యులస్‌తో నడిచే యూనివర్సిటీ ఫిజిక్స్. ఇంజనీరింగ్‌కు రెండోదే కావాలి. మెడిసిన్ వైపు వెళ్ళాలనుకునే బయాలజీ పిల్లలకు మొదటిది సరిపోయే డిగ్రీలు చాలా ఉన్నాయి. మా పెద్దవాడు 1401, దాని రెండో భాగం 1402 చదివాడు. ఆ సెక్షన్‌లో ఖాళీ ఉందని, సార్ బాగా చెబుతారని స్నేహితులు అన్నారట. మేమూ అడగలేదు. ఫిజిక్స్ అంటే ఫిజిక్సే కదా అనుకున్నాం. ఎనిమిది గంటలు అక్కడే పోయాయి.

మ్యాథ్‌లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1314 కాలేజ్ ఆల్జీబ్రా. 1324, 1325 బిజినెస్ విద్యార్థుల కోసం. రెండోదాని పేరులో కాలిక్యులస్ ఉంటుంది. 1342 స్టాటిస్టిక్స్. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ వాళ్ళకు కావాల్సినవి 2413, దాని తర్వాత 2414. మావాడు 1325లో కాలిక్యులస్ అన్న మాట చూసి అదే అనుకున్నాడు. 1324, 1325 రెండూ కలిపి ఆరు గంటలు. పై ఎనిమిదితో కలిపితే పద్నాలుగు. మిగిలిన మూడూ తన డిగ్రీలో చోటే లేని ఒక సైకాలజీ కోర్సువి.

బయాలజీలో 1406 ఆ సబ్జెక్టే మేజర్‌గా తీసుకునేవాళ్ళకు, 1408 మిగతావాళ్ళకు. కెమిస్ట్రీలో 1411 సైన్స్, ఇంజనీరింగ్ పిల్లలకు, 1405 పరిచయం కోసం. సులువుగా ఉంటుందని రెండో రకం తీసుకుంటే తర్వాత మేజర్‌వాళ్ళ కోర్సు మళ్ళీ చదవాలి.

ఇదే చోట ఇంకొక హెచ్చరిక. అసోసియేట్ డిగ్రీల్లో అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్, అసోసియేట్ ఆఫ్ సైన్స్ యూనివర్సిటీకి మారడానికి తయారుచేసినవి. అసోసియేట్ ఆఫ్ అప్లయిడ్ సైన్స్ నేరుగా ఉద్యోగానికి వెళ్ళడానికి తయారుచేసినది. క్లౌడ్, నెట్‌వర్కింగ్, సైబర్ సెక్యూరిటీ అని మన పిల్లల్ని ఆకర్షించే కోర్సుల్లో చాలా భాగం ఈ అప్లయిడ్ రకంలోనే ఉంటాయి. అవి మంచి చదువులే, కానీ యూనివర్సిటీ వాటిని తీసుకోవాలన్న నియమం లేదు. "అప్లయిడ్" అన్న మాట కనిపిస్తే ఆగి, ఇది నా డిగ్రీలోకి వస్తుందా అని యూనివర్సిటీని అడగండి.

3. కోర్ 42 గంటలు

టెక్సాస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలన్నింటికీ, కమ్యూనిటీ కాలేజీలకీ కలిపి 42 గంటల కోర్ కరిక్యులం ఉంది, అంటే ఏ మేజర్ అయినా అందరూ చదవాల్సిన ఉమ్మడి కోర్సులు. కమ్యూనికేషన్ 6, మ్యాథ్ 3, సైన్స్ 6, భాష-తత్వం-సంస్కృతి 3, క్రియేటివ్ ఆర్ట్స్ 3, అమెరికా చరిత్ర 6, గవర్నమెంట్ 6, సోషల్ అండ్ బిహేవియరల్ సైన్స్ 3, కాలేజీ ఎంచుకునే విభాగం 6. ఈ 42 పూర్తయితే ట్రాన్‌స్క్రిప్ట్ మీద కోర్ కంప్లీట్ అని పడుతుంది. అప్పుడు రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా దాన్ని మొత్తంగా తీసుకోవాల్సిందే. "మా కోర్‌లో ఇంకో కోర్సు ఉంది, అదీ చదువు" అని ఆ యూనివర్సిటీ అనడానికి వీల్లేదు.

ఇది రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే. రైస్, ఎస్ఎంయూ, బేలర్ లాంటి ప్రైవేటు యూనివర్సిటీలకూ, పక్క రాష్ట్రాల వాటికీ ఈ నియమం వర్తించదు. అక్కడికి వెళ్ళాలంటే ఒక్కో కోర్సు విడివిడిగా అడిగి తెలుసుకోవాలి.

ఇంజనీరింగ్ పిల్లలకు నా సలహా వేరు. కోర్ పూర్తి చేయాలన్న తొందరలో లెక్కల్ని వెనక్కి నెట్టకండి. కాలిక్యులస్ 1 అయితేనే 2, ఆ తర్వాతే మూడో ఏడాది కోర్సులు. ఇదొక గొలుసు, ఒక్కో కొక్కేనికి ఒక సెమిస్టర్ పడుతుంది. చరిత్ర, ఆర్ట్స్ కోర్సులు వేసవిలో ఎప్పుడైనా దూర్చవచ్చు, ఆ గొలుసును దూర్చలేం. పైగా కోర్‌లోని మ్యాథ్ గడిని 2413తోనూ, సైన్స్ గడిని ఫిజిక్స్ 2425తోనూ నింపితే ఒకే కోర్సు కోర్‌కీ డిగ్రీకీ రెంటికీ పనిచేస్తుంది.

గవర్నమెంట్ 2305, 2306 గురించి ఒక ముక్క. అమెరికా చరిత్ర ఆరు గంటలు, ప్రభుత్వం ఆరు గంటలు చదవాలన్నది టెక్సాస్ చట్టం. ఇందులో టెక్సాస్ ప్రభుత్వం గురించిన పాఠం కూడా ఉండాలి కాబట్టి వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళకు, ఇండియా నుంచి వచ్చినవాళ్ళకు ఇక్కడ దాదాపు ఎప్పుడూ ఖాళీ కనిపిస్తుంది. దీన్ని యూనివర్సిటీ ఫీజు కట్టి కాకుండా కమ్యూనిటీ కాలేజీలోనే పూర్తిచేసుకోవడం మేలు.

4. హైస్కూల్లో సంపాదించిన క్రెడిట్లు

మన పిల్లలు హైస్కూల్లోనే డ్యూయల్ క్రెడిట్ (స్కూల్లో ఉండగానే చదివే కాలేజీ కోర్సులు), అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలతో ఇరవై ముప్ఫై గంటలు పోగేస్తారు. ఇవి వాటంతటవే వెంట రావు.

డ్యూయల్ క్రెడిట్ హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉన్నా సరిపోదు. ఆ కోర్సుకు క్రెడిట్ ఇచ్చిన కాలేజీ నుంచే అఫీషియల్ ట్రాన్‌స్క్రిప్ట్ పంపించాలి. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ స్కోర్లు ఆ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డ్ నుంచి కొత్త యూనివర్సిటీకి మళ్ళీ నేరుగా వెళ్ళాలి. కమ్యూనిటీ కాలేజీ వాళ్ళు తమ ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఆ క్రెడిట్ వేసినంత మాత్రాన యూనివర్సిటీ దాన్ని నమ్మి తీసుకుంటుందని అనుకోకండి.

ఇంకొకటి తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. పదహారేళ్ళప్పుడు డ్యూయల్ క్రెడిట్‌లో వచ్చిన సి గ్రేడ్ కూడా కాలేజీ గ్రేడే. యూనివర్సిటీ మారినప్పుడు సాధారణంగా గంటలు వస్తాయి గానీ జీపీఏ రాదు, కొత్తచోట సున్నా నుంచి మొదలవుతుంది. కానీ తర్వాత మెడిసిన్‌కు అప్లై చేసేటప్పుడు టెక్సాస్ మెడికల్ స్కూళ్ళ ఉమ్మడి దరఖాస్తు టీఎండీఎస్ఏఎస్‌లో చదివిన ప్రతి కాలేజీ పేరూ, ప్రతి గ్రేడూ రాయాలి. డ్యూయల్ క్రెడిట్ కూడా అందులోకి వస్తుంది. డాక్టర్ కావాలనుకునే పిల్లకు మోయలేనన్ని డ్యూయల్ క్రెడిట్లు ఎత్తకండి.

5. హద్దులు

ఇవి చిన్నవే, తెలియకపోతే ఖరీదైనవి.

కమ్యూనిటీ కాలేజీ గంటల్లో 66 వరకూ డిగ్రీకి తీసుకుంటే చాలు, అంతకు మించి తీసుకోవాలన్న నిర్బంధం టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలకు లేదు. కాబట్టి అక్కడ మూడో ఏడాది ఉండి గంటలు పోగేయడం దండగ. డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం నాలుగో వంతు గంటలు చదవాలన్నది అమెరికా దక్షిణాది రాష్ట్రాల కాలేజీలకు గుర్తింపునిచ్చే అక్రెడిటేషన్ సంస్థ నియమం. 120 గంటల డిగ్రీకి అది 30.

డిగ్రీకి కావాల్సిన దానికన్నా 30 గంటలు మించితే, ఆ పైన చదివేవాటికి యూనివర్సిటీ బయటి రాష్ట్రం వాళ్ళ ఫీజు దాకా వసూలు చేయవచ్చు. 2007 ఫాల్ నుంచి చేరినవాళ్ళు ప్రభుత్వ సంస్థలన్నీ కలిపి ఆరు కోర్సులకు మించి డ్రాప్ చేయడానికి (మధ్యలో వదిలేయడానికి) లేదు. కమ్యూనిటీ కాలేజీలో చేసిన డ్రాప్‌లు కూడా వెంట వస్తాయి. కష్టంగా ఉందని చటుక్కున డ్రాప్ కొట్టే ముందు ఈ లెక్క చూసుకోమని పిల్లలకు చెప్పండి.

6. సిలబస్ ఫైలు

మా చిన్నమ్మాయిని కాపాడింది ఇదే. మొదటి సెమిస్టర్ నుంచి ప్రతి కోర్సుకూ సిలబస్ పీడీఎఫ్ దించి ఒక ఫోల్డర్‌లో పెట్టింది. ఫైలు పేరులో కోర్సు నంబర్, సెమిస్టర్, టీచర్ పేరు. సిలబస్‌తోపాటు పాఠ్యపుస్తకం పేరు, ఎడిషన్, వారం వారం పాఠాల పట్టిక, ఒక పెద్ద ప్రాజెక్ట్, ఒక ల్యాబ్ రిపోర్ట్ కూడా దాచింది.

టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలు డిగ్రీ కోర్సుల సిలబస్‌లను వెబ్‌సైట్‌లో పెట్టాలని 2009లో చట్టం వచ్చింది. అవి కనీసం రెండేళ్ళు ఉంటాయి. ఆ తర్వాత తీసేస్తే అడిగే దిక్కు లేదు. టీచర్ వేరే ఊరు వెళ్ళిపోవచ్చు, మెయిల్‌కు జవాబు రాకపోవచ్చు. అందుకే ఏ సెమిస్టర్‌ది ఆ సెమిస్టర్‌లోనే దించుకోండి.

7. అప్లికేషన్, ట్రాన్‌స్క్రిప్ట్‌లు

పెద్ద యూనివర్సిటీల్లో ఫాల్‌కు ట్రాన్స్‌ఫర్ గడువులు చాలా ముందే ముగుస్తాయి. డిసెంబర్ సెలవుల్లో మొదలుపెడితే తొందర ఉండదు. అప్లికేషన్ పంపేసరికి స్ప్రింగ్ కోర్సులు నడుస్తూ ఉంటే వాటిని ఇన్ ప్రోగ్రెస్ అని రాయాలి.

చదివిన ప్రతి కాలేజీ పేరూ రాయండి. ఒక్క వేసవి కోర్సు చదివి వదిలేసినదైనా సరే, ఫెయిల్ అయినదైనా సరే. దాచిపెడితే సీటు రద్దయ్యే ప్రమాదం ఉంది. ట్రాన్‌స్క్రిప్ట్ పార్చ్‌మెంట్, నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ లాంటి వాటి ద్వారా ఎలక్ట్రానిక్‌గా వెళుతుంది. పంపే ముందు కాలేజీ అకౌంట్‌లో హోల్డ్ ఏమైనా ఉందేమో చూడండి. లైబ్రరీ జరిమానా, పార్కింగ్ టికెట్ లాంటి చిన్న బాకీలకే హోల్డ్ పడుతుంది.

మే నెలలో స్ప్రింగ్ గ్రేడ్లు పడ్డాక ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ మళ్ళీ పంపాలి. దీన్నే చాలామంది మరిచిపోతారు. అది చేరకపోతే ఆఖరి సెమిస్టర్ కోర్సులు లెక్కలోకి రావు, వాటి మీద ఆధారపడిన తర్వాతి కోర్సులకు రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఆర్డర్ చేసేటప్పుడు "గ్రేడ్లు వచ్చాక పంపు" అన్న ఎంపిక ఉంటే అదే నొక్కండి.

8. ఎవాల్యుయేషన్ వచ్చాక

సీటు వచ్చిన తర్వాత క్రెడిట్ ఎవాల్యుయేషన్ పోర్టల్‌లో కనిపిస్తుంది. గంటల మొత్తం చూసి మూసేయకండి. ఒక్కో వరసా చూడండి. కోర్సు ఎదురుగా వాళ్ళ సొంత నంబర్ ఉంటే సరిగ్గా సరిపోయిందన్నమాట. నంబర్ లేకుండా ఉత్త ఎలక్టివ్ గుర్తు ఉంటే గంటలు తీసుకున్నారు గానీ దేనికీ సమానంగా చూడలేదు. తర్వాత డిగ్రీ ఆడిట్ తెరిచి ఏ కోర్సు ఏ గడిలో కూర్చుందో సరిచూడండి. మొదటి మెట్టులో ప్రింట్ తీసిన కాగితం ఇప్పుడు పక్కన పెట్టుకోవాలి.

మా అమ్మాయికి కంప్యూటర్ సైన్స్ 2436, అంటే డేటా స్ట్రక్చర్స్ నేర్పే కోర్సు, ఎలక్టివ్‌గా పడింది. ఏడుపు మొహంతో వచ్చింది. మేం అడ్మిషన్స్ ఆఫీసుకు ఫోన్ చేయలేదు, డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కు రాయించాం. మెయిల్‌లో నాలుగే వాక్యాలు. నేను ఫలానా మేజర్‌లో చేరుతున్నాను. ఈ కోర్సు ఎలక్టివ్‌గా పడింది. మీ ఫలానా కోర్సుకు సమానంగా చూడమని కోరుతున్నాను, సిలబస్, వారాల పట్టిక, ప్రాజెక్ట్ జత చేశాను. రిజిస్ట్రేషన్ ఫలానా తేదీన కాబట్టి అంతకు ముందు జవాబు ఇస్తే మేలు. వాళ్ళ కోర్సు పాఠాలు ఎడమ పక్క, తను చదివినవి కుడి పక్క పెట్టి ఒక పేజీ పట్టిక కూడా తనే గీసింది. తొమ్మిదో రోజున మార్చారు.

అలా కుదరకపోతే ప్రభుత్వ సంస్థల మధ్య లోయర్ డివిజన్ (మొదటి రెండేళ్ళ స్థాయి) కోర్సులకు ఒక పద్ధతి ఉంది. క్రెడిట్ నిరాకరిస్తే ఆ సంగతి యూనివర్సిటీ విద్యార్థికీ, పాత కాలేజీకీ రాతపూర్వకంగా చెప్పాలి. ముగ్గురూ కలిసి పరిష్కరించుకోవాలి. 45 రోజుల్లో తేలకపోతే నిరాకరించిన సంస్థ టెక్సాస్ హయ్యర్ ఎడ్యుకేషన్ కోఆర్డినేటింగ్ బోర్డ్ కమిషనర్‌కు కారణాలు తెలపాలి, ఆయన నిర్ణయిస్తారు. అక్కడిదాకా వెళ్ళేవి తక్కువ. కానీ ఇలాంటి హక్కు ఉందని తెలిస్తే మాట్లాడే గొంతు మారుతుంది.

ఇండియాలో కొంత చదివి వచ్చినవాళ్ళకు

మా ఆడపడుచు కొడుకు హైదరాబాద్‌లో బీటెక్ రెండేళ్ళు చదివాక గ్రీన్ కార్డ్ వచ్చి ఇక్కడికి వచ్చాడు. వాళ్ళకు పని ఇంకాస్త ఎక్కువ. యూనివర్సిటీ నుంచి సీల్డ్ ట్రాన్‌స్క్రిప్ట్‌లు, సెమిస్టర్ మార్కుల మెమోలు, సిలబస్ పుస్తకం బయలుదేరే ముందే తెచ్చుకోవాలి. ఇక్కడికి వచ్చాక అక్కడి ఎగ్జామినేషన్ బ్రాంచ్ చుట్టూ ఎవరినో తిప్పించడం చాలా కష్టం. తర్వాత విదేశీ చదువుకు ఇక్కడి విలువ కట్టే వెస్, ఈసీఈ లాంటి సంస్థ చేత కోర్సు-బై-కోర్సు ఎవాల్యుయేషన్ చేయించాలి. మొత్తం డిగ్రీ విలువ మాత్రమే చెప్పే చవక రిపోర్ట్ ఇందుకు పనికిరాదు. కొన్ని యూనివర్సిటీలు తామే చూసుకుంటాయి, కాబట్టి డబ్బు కట్టే ముందు ఎవరి రిపోర్ట్ తీసుకుంటారో అడగండి.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న పిల్లలకు సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రికార్డు బదిలీ అనేది క్రెడిట్లతో సంబంధం లేని వేరే పని. పాత కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో రిలీజ్ తేదీ పెట్టించుకుని కొత్త ఐ-20 తెచ్చుకోవాలి. రెండింటినీ కలిపి చూసి ఒకటి అయితే రెండోదీ అయిపోయిందనుకోవద్దు.

చేరిన తర్వాత కూడా ఒకటి

అసోసియేట్ డిగ్రీ పూర్తికాకుండానే మారిపోయినవాళ్ళు రివర్స్ ట్రాన్స్‌ఫర్ గురించి అడగండి. యూనివర్సిటీలో చదివిన గంటలు వెనక్కి కమ్యూనిటీ కాలేజీకి పంపితే, అక్కడి లెక్క నిండినప్పుడు ఆ డిగ్రీ ఇస్తారు. మా పెద్దవాడికి అలాగే వచ్చింది. వాడి 58 గంటల్లో యూనివర్సిటీలో ఎలక్టివ్స్ మూలన పడి ఉన్న ఫిజిక్స్ 1401, 1402 ఆ డిగ్రీలో సైన్స్ గడిలో కూర్చున్నాయి.